వార్డెనమ్మగారి బీపీ

సలోమికి ఒక్క మనిషికి సరిపడా అన్నం వండడం చేతకాదు. ముప్పై ఏళ్ళకి పైగా ఆడపిల్లల హాస్టళ్ళలో వార్డెనుగా చేసిన మనిషి. మన్యం ఏజెన్సీలో మొదలుపెట్టి, తుని, కొత్తపేట తిరిగి, రాజోలులో రిటైరైంది. ఆవిడ లెక్కలో బియ్యమంటే బస్తాలే. అలాంటిది, ముక్తేశ్వరం దగ్గర తాను పుట్టిన పేటకి తిరిగొచ్చి, తండ్రి వదిలివెళ్ళిన స్థలంలో రెండు గదులూ ఒక వరండా వేసుకుని, గ్లాసుడు బియ్యం కడగాల్సి వచ్చేసరికి చెయ్యి తడబడింది. చాలాకాలం మిగిలిన అన్నమంతా కాలవగట్టు కుక్కలకే పోయింది. ఆవిడ తిరిగొచ్చినందుకు పేటలో నిజంగా సంతోషించినవి ఆ కుక్కలేనేమో.

మనుషులు ఆదరించలేదని కాదు. గౌరవించారు. చిక్కంతా అక్కడే వచ్చింది. కొబ్బరితోటల్లో కూలికి వెళ్ళిన దావీదు కూతురు గవర్నమెంటు ఉద్యోగం చేసి, చేతికి గడియారం పెట్టుకుని, పెన్షనుతో తిరిగొచ్చిందంటే పేటకే గొప్ప. ఎదురుపడితే ఆడవాళ్ళు దారిచ్చి నిలబడి, "బాగున్నారాండీ వార్డెనమ్మగారూ" అనేవారు. ఈవిడ "ఆయ్, బాగున్నానమ్మా" అనేది. మాట అక్కడితో అయిపోయేది. అంత గౌరవించే మనిషి వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఎవరు మాత్రం కబుర్లు చెబుతారు? పేటలో సగంమంది ఏదో ఒక వరసకి బంధువులే. ఊరంతా చుట్టాలు, ఉట్టి కట్టడానికి చోటు లేదన్నట్టు ఉండేది ఆవిడ బతుకు.

పెళ్ళి సంగతంటారా, రెండుసార్లు కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. మూడోసారి ఆవిడే వద్దంది. హాస్టల్లో చుట్టూ పిల్లలుండగా ఆ లోటేమిటో తెలియనే లేదు. ఆ పిల్లలిప్పుడు పెద్దవాళ్ళై, క్రిస్మస్‌కి ఫోనులో గులాబీపూల బొమ్మలు పంపుతారు. మంచి పిల్లలే. కానీ గులాబీ బొమ్మతో ఎంతసేపని మాట్లాడతాం?

సాయంత్రం లైటు వేసి వరండా గ్రిల్లు మూసేటప్పుడు, అలవాటు చొప్పున ఒకసారి వీధిలోకి తొంగి చూసేది, ఏ పిల్లయినా బయట ఉండిపోయిందేమోనని. ఎవరూ ఉండరని తెలిసీ చూసేది. ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోగానే ఆడవాళ్ళందరూ పొయ్యి మీద కూర గుర్తొచ్చి ఇళ్ళకి పరుగెత్తేవారు. ఆ ఆదివారం మధ్యాహ్నాలు ఎంతకీ తరిగేవి కావు. సలోమి ఏడ్చే మనిషి కాదు, తన దగ్గర పెరిగిన పిల్లల్నీ ఊరికే ఏడవనివ్వలేదు. అయినా కంచం ముందు కూర్చుంటే గొంతులో ముద్ద దిగని రోజులు ఆవిడకి అరవై దాటాక మొదలయ్యాయి.

అదిగో, అలాంటి రోజుల్లో ఆవిడకి బీపీ వచ్చింది. అయ్యో పాపం అని తొందరపడకండి. కొన్నాళ్ళు ఆ బీపీయే ఆవిడని బతికించింది.

అమలాపురం ఆసుపత్రివాళ్ళు చర్చి ఆవరణలో కంటి శిబిరం పెట్టారు. వెళ్ళి చూపించుకుంటే, కళ్ళు బాగానే ఉన్నాయి గానీ రక్తపోటు ఎక్కువుందన్నారు. మాత్ర రాసి, దాంతోపాటు చేతికి పట్టీ కట్టుకుని మీట నొక్కే బీపీ మిషను కూడా ఒకటి ఇచ్చారు. ఆవిడ ఫోనులో ఏదో యాప్ పెట్టి రెండింటికీ లంకె వేశారు. ఇంట్లో కూర్చుని బీపీ చూసుకుంటే చాలు, ఆ అంకె ఫోనులోంచి దానంతటదే ఆసుపత్రికి వెళ్ళిపోతుంది. బాగుంటే ఆకుపచ్చ, బాగోకపోతే ఎరుపు. ఎరుపొస్తే అక్కడినుంచి కరుణ అనే నర్సు ఫోను చేస్తుంది. ఆ పైన డాక్టరుగారు చూసి మాత్ర మారుస్తారు. దీర్ఘకాలం జబ్బున్నవాళ్ళు ఊరికే బస్సెక్కి ఆసుపత్రికి రానక్కర్లేకుండా ఈ ఏర్పాటు.

"ఇది మీ ఒక్కరికేనండి అమ్మా" అంది కరుణ ఆ రోజే, ఫోనులో.

"ఆయ్" అంది సలోమి.

ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. కానీ ఆ పేట సంగతి కరుణకి ఏం తెలుసు? అక్కడ నిచ్చెన ఒకరింట్లో ఉంటుంది, అందరూ ఎక్కుతారు. పెళ్ళివంటల డేగిసా ఇంకొకరింట్లో ఉంటుంది, అందరి పెళ్ళిళ్ళూ దాంట్లోనే ఉడుకుతాయి. ఇంట్లో వస్తువు పెట్టుకుని లేదనడం కంటే పెద్ద తప్పు ఆ పేటలో ఇంకొకటి లేదు.

మొదట వచ్చింది లోవమ్మ. ఎండుచేపల గంప దింపి, గ్రిల్లు పట్టుకుని నిలబడింది.

"తల ఒకటే నెప్పండి వార్డెనమ్మగారూ. ఆ మిషను ఓసారి కడతారేటండి?"

లోవమ్మ వచ్చి వరండాలో కుర్చీలో కూర్చుంది. సలోమి ఆవిడ చేతికి పట్టీ చుట్టింది. అది బుస్సుమని ఉబ్బుతుంటే లోవమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. అంకె ఎక్కువే వచ్చింది. సలోమి ఉప్పు తగ్గించమని చెప్పింది. ఎండుచేపలమ్మే మనిషికి ఉప్పు తగ్గించమని చెప్పడం ఎంత పనికొస్తుందో గానీ, ఆ సందట్లో ఇద్దరూ కాఫీ తాగారు. లోవమ్మ వెళ్ళిపోయాక రెండు గ్లాసులు కడుగుతూ సలోమి అలాగే పంపు దగ్గర కాసేపు నిలబడింది. ఆ ఇంట్లో ఒక పూట రెండు గ్లాసులు కడగడం ఆవిడకి అదే మొదలు.

తర్వాత ఒకరొకరే వచ్చారు. ప్రభుత్వంవారి విలేజ్ క్లినిక్కులోనూ మిషను ఉంది. కానీ అది తెరిచేసరికి పనులవాళ్ళు పనుల్లో ఉంటారు. పైగా అక్కడ పేరు రాసుకుని, మందు వాడుతున్నావా అని నిలదీస్తారు. ఇక్కడైతే తెల్లారి పనికి పోతూ పోతూ చెయ్యి చాపితే చాలు. అగ్రహారం నుంచి రుక్మిణమ్మగారు కూడా వచ్చేవారు. పేటంతా కట్టుకున్న పట్టీ తానూ కట్టుకోవాలి కనుక, ఆవిడ స్నానానికి ముందే వచ్చేవారు. "ఎలాగూ వెళ్ళి తలమీద నీళ్ళు పోసుకుంటాను కదమ్మా, ఇంక దోషమేముంది" అని నవ్వేసేవారు. సలోమికి లోపల చురుక్కుమన్నా పట్టీ మాత్రం మెత్తగానే చుట్టేది. తెల్లారేసరికి గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఏ కారణంతో వచ్చావని అడిగే స్థితి దాటిపోయింది ఆవిడ.

రోజూ అందరిలోకీ ముందొచ్చేవాడు కాలవ అవతలి గంగరాజు. ఇద్దరూ ఒకే బళ్ళో పలక పట్టినవాళ్ళు. అతను చెట్లెక్కి కొబ్బరి దింపు తీసి బతికాడు. మోకాళ్ళు అరిగాక చెట్టు దిగి, ఇప్పుడు తోటల్లో కాయలు ఒలుస్తున్నాడు. భార్య పోయింది. అతని అంకె చూసినప్పుడల్లా సలోమి గొంతు పెంచేది.

"నూట ఎనభై! ఏం తిన్నావు నిన్న? అబద్ధం చెప్పావంటే బెంచీ ఎక్కిస్తాను."

"తాటిచెట్టంత చెట్లెక్కినోణ్ణి, బెంచీ ఎక్కలేనేటండి."

"నోరు ముయ్యి. చుట్ట మానేశావా?"

"రేపట్నుంచండి."

"ఈ రేపు ఎన్నాళ్ళనుంచి వస్తోంది?"

గంగరాజు తల దించుకుని, తిట్లన్నీ తిని, మొహం వెలిగిపోతూ లేచేవాడు. "మా ఆడది పోయేక నన్నిలాగ తిట్టినోళ్ళు లేరండి" అని వరసలో ఉన్నవాళ్ళతో చెప్పేవాడు. వరండాలో నవ్వులు. సలోమి కూడా నవ్వేది. పొద్దున్నే వరసగా నిలబడ్డ మనుషులు, ఒక్కొక్కరినీ పిలవడం, కసరడం. హాస్టలు మళ్ళీ తెరిచినట్టే ఉండేది. ఆవిడకిప్పుడు అన్నం దిగుతోంది, నిద్ర పడుతోంది.

అక్కడ అమలాపురంలో మాత్రం సలోమి బీపీ ఆకాశాన్నంటుతోంది. ఎవరి చేతికి పట్టీ కట్టినా ఆ అంకె ఆవిడ పేరు మీదే వెళుతోంది కదా మరి. కరుణ ఫోను చేసింది.

"అమ్మా, మీ బీపీ బాగా ఎక్కువొస్తోందండి. మాత్రలు వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నానమ్మా."

"పొద్దున్నే అన్నిసార్లు చూసుకుంటున్నారేంటండి? కంగారుపడితే కూడా పెరుగుతుంది. ఎండుచేపలూ అవీ ఏమన్నా తింటున్నారా?"

"ఈ పేటలో ఎండుచేపలు ఎక్కువేనమ్మా" అంది సలోమి.

ఇందులో అబద్ధమేమీ లేదు, గమనించారా? సలోమి జన్మలో అబద్ధం ఆడలేదు. అడిగిన దానికి అబద్ధం చెప్పకూడదు, అడగనిది చెప్పక్కర్లేదు, ఇదీ ఆవిడ ధర్మశాస్త్రం. తన హాస్టల్లో పిల్లలందరికీ నూరిపోసింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మరి అడగని సంగతి తానెందుకు చెప్పాలి? చెబితే ఏమవుతుందో ఆవిడకి బాగా తెలుసు. మిషను నీ ఒక్కదానికే కట్టుకో అంటారు. లేదంటే మిషనే పట్టుకుపోతారు. ఆ తర్వాత ఎవరొస్తారు ఈ వరండాలోకి? మళ్ళీ ఆ గ్లాసుడు బియ్యం, ఆ ఆదివారం మధ్యాహ్నాలు. తలచుకుంటేనే భయం వేసింది.

డాక్టరుగారు మాత్ర మోతాదు పెంచారు. కొత్త మాత్రలు ఆటోలో వచ్చాయి. అక్కడైనా ఆవిడ వాటిని పక్కన పడేసి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆ యాప్ రోజూ పొద్దున్నే ఒక ప్రశ్న వేస్తుంది: మాత్ర వేసుకున్నారా? అవునో, కాదో నొక్కాలి. వేసుకోకుండా అవును అని నొక్కితే అబద్ధమే. కాదని నొక్కితే ఎందుకని ఫోనొస్తుంది. సలోమి చాలాసేపు ఆలోచించి, మంచినీళ్ళు తెచ్చుకుని, మాత్ర మింగి, అవును అని నొక్కింది. ఎదుటివాళ్ళని మోసం చేస్తున్నా సరే, అబద్ధం మాత్రం ఆడననే మనిషిని ఏమనాలో నాకైతే తెలియదు. అంత చదువుకున్న మనిషి, పిల్లల జ్వరాలకి మందులు తూచి ఇచ్చిన మనిషి, లోవమ్మ ఉప్పుకీ గంగరాజు చుట్టకీ తాను మందు మింగుతూ కూర్చుంది.

కొన్నాళ్ళకి లేచి నిలబడితే కళ్ళముందు నల్లగా మబ్బు కమ్మడం మొదలైంది. గోడ పట్టుకుని నిలబడితే సర్దుకునేది. ఎండ, వయసు అని తనకి తాను చెప్పుకుంది. ఎవరితోనైనా చెబితే బండారం బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. పొద్దున్నే తన బీపీ తాను చూసుకోవడం కూడా మానేసింది. జనం వచ్చేస్తారు, తన వంతు ఎప్పటికప్పుడు రేపటికి పడేది. ఆసుపత్రికి అంకెలు వెళుతూనే ఉన్నాయి, ఎర్రగా. డాక్టరుగారు ఇంకోసారి మోతాదు పెంచారు.

ఆ రోజు తెల్లారి పెరట్లో మొహం కడుక్కుందామని పంపు దగ్గర వంగి, లేచింది. లేవడం వరకే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి చెంప కింద తడి సిమెంటు. చెయ్యి కదిలింది గానీ లేవలేకపోయింది. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. వీధివైపు గ్రిల్లు అవతల మాటలు వినిపిస్తున్నాయి. వచ్చేశారు.

"వార్డెనమ్మగారింకా లేవలేదేటో." లోవమ్మ గొంతు.

"ఆవిడ పడుకున్నారంటే లోకం తిరగబడ్డట్టేనండి" అని ఎవరో నవ్వారు.

గ్రిల్లు చప్పుడైంది. పిలిచారు. కాసేపు ఆగి మళ్ళీ పిలిచారు. "పోన్లెండి, రేపు చూపించుకుందాం, తోటలో పనికి ఆలస్యమైపోతంది" అని ఇంకెవరో అన్నారు. చెప్పుల చప్పుడు దూరమైంది. సలోమికి ఆ చెప్పుల చప్పుడుకి వేసినంత భయం పడిపోయినందుకు వెయ్యలేదు. వాళ్ళొచ్చింది మిషను కోసం. మిషను లేదనుకుంటే వెళ్ళిపోతారు. అందులో తప్పేముంది? ఎవరైనా వెళ్ళిపోతారు. ఇన్నాళ్ళూ తాను అడగని ప్రశ్న ఇప్పుడు తడి నేలమీద పడుకుని అడగవలసి వచ్చింది. నా కోసం కూడా ఎవరైనా వచ్చారా, దేవా?

పెరటిగోడ మీద బరబరమని గీరిన చప్పుడు. పెంకులు రాలాయి. "అబ్బ, మోకాలు" అని ఒక మూలుగు. తర్వాత దబ్బుమని దూకిన చప్పుడు.

"వార్డెనమ్మగారూ! ఓ వార్డెనమ్మగారూ!" గంగరాజు. తర్వాత, ఎన్నో ఏళ్ళుగా ఎవరూ పిలవని పిలుపు: "సలోమీ!"

ఆటోలో అమలాపురం చేర్చారు. ఆసుపత్రిలో చూస్తే రక్తపోటు తొంభైకి దిగువన ఉంది. సెలైను పెట్టారు. మధ్యాహ్నానికి మనిషి తేరుకుంది. అప్పుడొచ్చింది కరుణ. గొంతుని బట్టి సలోమి ఎవరో నిండైన మనిషిని ఊహించుకుంది. చూస్తే సన్నగా, పొట్టిగా, కళ్ళద్దాలతో, ఇంటర్ చదివే పిల్లలా ఉంది. పాపం ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది.

"నాకేం అర్థం కావట్లేదండి అమ్మా. నిన్న కూడా మీకు ఇంతింత బీపీ ఉంది. ఇదిగో చూడండి." ఫోనులో గీత చూపించింది. కొండల్లా లేచి పడుతూ ఎర్రటి చుక్కలు.

మంచం పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డ గంగరాజు వంగి చూశాడు. అంకెల దగ్గర అతనికి చూపు బాగానే ఆనుతుంది.

"ఆ పైనున్నది నాదండి" అన్నాడు, తప్పిపోయిన మేక కనిపించినంత సంబరంగా. "నూట ఎనభై రెండు. నాదే. ఆవేళ వార్డెనమ్మగారు నన్ను చాలా తిట్టేరండి."

కరుణ అతనివంక చూసింది.

"దాని పక్కది లోవమ్మదండి. ఆ కిందది అగ్రహారం రుక్మిణమ్మగారిదండి, ఆవిడికి పెద్దగా ఉండదులెండి."

సలోమి గోడకేసి మొహం తిప్పుకుంది.

"ఇది మీ ఒక్కరికేనని చెప్పేను కదండీ" అంది కరుణ.

"ఎవరి చెయ్యని నువ్వు నన్ను అడగలేదమ్మా."

"అడగాల్సొస్తుందనుకోలేదండి." కరుణ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఈయనకి నూట ఎనభై ఉందని మాకు రోజూ తెలుస్తూనే ఉందండి. ఎవరికో తెలీదు. ఆయనకివ్వాల్సిన మందు మీకిచ్చేం. ఆయనకి ఇన్నాళ్ళూ మందే లేదు. పక్షవాతమొచ్చి ఓ పక్క పడిపోయుంటే ఈయనకి ఎవరండి దిక్కు?"

ఇది మాత్రం సలోమికి తట్టలేదు. తన ప్రాణం సంగతి ఆలోచించుకుంది, తన వరండా సంగతి ఆలోచించుకుంది. తిట్టాను కదా, చెప్పాను కదా, అంతకంటే ఏం చేస్తాం అనుకుంది. తెల్లారేసరికి మళ్ళీ వస్తాడు కదా అని ఆ నూట ఎనభైని ఒకరోజు నుంచి ఇంకొకరోజుకి అలా నడవనిచ్చింది. గోడ దూకినప్పుడు గీరుకుపోయిన అతని మోచేతులవైపు చూసింది. సిగ్గుతో ఆవిడ మొహం కాలిపోయింది. ముప్పై ఏళ్ళలో ఏ పిల్లనైనా ఇంత నిర్లక్ష్యంగా చూశానా అని తనని తానే అడిగింది.

డాక్టరుగారు గట్టిగానే కేకలేసి, మాత్రలు మళ్ళీ మొదటికి తగ్గించి పంపించారు. మిషను పట్టుకుపోలేదు, కరుణ అడ్డుపడింది. ఇకమీదట ఎర్రచుక్క ఒక్కటి వచ్చినా తానే వెంటనే ఫోను చేస్తానని ఆయనకి మాటిచ్చింది.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే సలోమి గ్రిల్లు దగ్గర నిలబడి చెప్పింది. "ఇక ఈ మిషను ఎవరికీ కట్టను. అందరూ క్లినిక్కుకి వెళ్ళి పేర్లు రాయించుకోండి, మందులిస్తారు. గంగరాజూ, నువ్వు ముందు వెళ్ళు."

"ఆయ్, అలాగేనండి" అన్నారందరూ. "మా మూలంగానే కదండీ మీరు పడిపోయేరు, మన్నించండి" అన్నారు. చేతులు జోడించారు. కోనసీమలో మర్యాద ఒక్కసారిగా పెరిగిందంటే ఏదో తెగిందని అర్థం. లోవమ్మ గంప ఎత్తుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

చెప్పినట్టే అందరూ క్లినిక్కుకి వెళ్ళారు. గంగరాజుకీ లోవమ్మకీ మాత్రలిచ్చారని తెలిసింది. మంచిదే. అంతా మంచే జరిగింది. వరండా మాత్రం ఖాళీ అయిపోయింది. పనులకి పోయేవాళ్ళు గ్రిల్లు ముందు నుంచి నడక పెంచి వెళ్ళేవారు, నిలబడితే ఆవిడకి మళ్ళీ ఏ హాని చేస్తామోనన్నట్టు. రుక్మిణమ్మగారు ఈ మధ్య తెల్లారకుండానే స్నానం చేసేస్తున్నారట.

సలోమి ఇప్పుడు ఆసుపత్రివాళ్ళు మెచ్చే రోగి. పొద్దున్నే కుర్చీలో నిటారుగా కూర్చుంటుంది. పట్టీ చుట్టుకుంటుంది. ఒంటిచేత్తో చుట్టుకోవడం కొంచెం కష్టమే. మీట నొక్కుతుంది. ఆకుపచ్చ. ఫోనులో ఒక బొమ్మ నవ్వుతుంది. మాత్ర వేసుకున్నారా అంటే, అవును. అంతటితో ఆ రోజుకి ఆవిడని అడిగేవాళ్ళు అయిపోయినట్టే. అంతా ఆకుపచ్చే కనుక కరుణ కూడా ఫోను చెయ్యదు. ఆ పిల్ల తప్పేమీ లేదు, ఆమెకి ఎర్రచుక్కలవాళ్ళు బోలెడుమంది. ఒంట్లో బాగున్నవాళ్ళని ఎవరు పలకరిస్తారు? ఒకరోజు అన్నం మిగిలింది. కాలవగట్టు మీద కుక్కలు ఆవిడని గుర్తుపట్టాయి.

కొబ్బరాకుల మీద ముసురు పడుతున్న ఒక పొద్దున, సలోమి పట్టీ చేతిలోకి తీసుకుంటుండగా గ్రిల్లు బయట దగ్గు వినిపించింది. గంగరాజు, నెత్తిమీద సంచీ కప్పుకుని.

"మిషను కట్టనని చెప్పానుగా" అంది.

"మిషను కోసం కాదండి." లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. "నిన్న క్లినిక్కుకెళ్ళేనండి. నూట ముప్పై ఆరంటండి."

"మంచిదేగా. తగ్గింది."

"ఆయ్. తగ్గిందండి." చూరునీళ్ళు కారుతుంటే పక్కకి జరిగాడు. "ఆ నర్సమ్మ రాసుకున్నారండి. మాత్రలిచ్చి ఎల్లమన్నారండి. ఇంకేం అనలేదండి."

"ఏమనాలి?"

"మీరైతే అందురు కదండీ."

సలోమి లేచి గ్రిల్లు గడియ తీసింది.

"ముసురులో తడుస్తూ వచ్చావు, బుద్ధుందా నీకు? గోడలు దూకే వయసా నీది? ఆ మోచెయ్యికి మందు రాశావా? చుట్ట మానేశావా లేదా, నిజం చెప్పు."

"రేపట్నుంచండి" అన్నాడు గంగరాజు, తుండుతో మొహం తుడుచుకుంటూ. తుడవాల్సినంత తడి వానలో లేదు.

"రేపట! కూర్చో అక్కడ. కాఫీ పెడతాను."

కాఫీ తాగి, ఇంకో నాలుగు తిట్లు తిని, కాయలు ఒలిచే పనికి వెళ్ళిపోయాడు. రేపు వస్తానని చెప్పలేదు, ఆవిడా అడగలేదు. వీధిలో ఇంకెవరూ లేరు. లోవమ్మ గంప ఆ పొద్దు కూడా ఆగకుండానే వెళ్ళింది. సలోమి రెండు గ్లాసులూ కడిగి వచ్చి, కుర్చీలో కూర్చుని, పట్టీ చుట్టుకుని మీట నొక్కింది.

ఎరుపు. కాసేపు విశ్రాంతి తీసుకుని మళ్ళీ చూసుకోండి, అంది ఫోను. ఆవిడ మళ్ళీ చూసుకోలేదు.

ఎక్కువసేపు పట్టలేదు, ఫోను మోగింది.

"అమ్మా, కరుణనండి. ఇవాళ కొంచెం ఎక్కువొచ్చింది." ఈసారి ఆ పిల్ల అడగాల్సింది అడిగింది. "నిజం చెప్పండి. ఎవరి చెయ్యండి ఇది?"

సలోమి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"నాదేనమ్మా" అంది. "ఇది నాదే."